గని వాటాకు వెల కట్టడం

చిన్న గని కంపెనీ వాటాకు వెల కట్టడానికి ఎక్కాలు వస్తే చాలుననిపిస్తుంది. భూమిలో ఖనిజం ఎన్ని టన్నులు, అందులో లోహం నూటికెన్ని పాళ్లు, ఆ లోహానికి బజారు ధర ఎంత? ఈ మూడింటినీ గుణించి, ఖర్చు తీసివేసి, వాటాల సంఖ్యతో భాగిస్తే సరి. 1969లో ఆస్ట్రేలియాలో ఈ లెక్కే ఒక పెద్ద వేలంవెర్రికి ఊతమయినది.

పొసైడాన్ అనేది అడిలైడు నగరపు చిన్న కంపెనీ. (పొసైడాన్ గ్రీకుల సముద్రదేవుడు, మన వరుణుని వంటివాడు. ఆయన పేరిటి కంపెనీకి నీరు కరవైన పశ్చిమ ఆస్ట్రేలియాలో, లావర్టన్ దగ్గరి విండారాలో గని దొరకడం ఒక వింత.) 1969 సెప్టెంబరు తొలిరోజులలో దాని వాటా ఒక డాలరు కూడా చేయదు. అక్టోబరు మొదట్లో, బోరులో నూటికి 3.56 పాళ్లు నికెలు పడినదని డైరెక్టర్లు ప్రకటించారు. 1970 ఫిబ్రవరిలో వాటా 280 డాలర్లకు ఎగబాకినది! బ్రిటనులో ఒక బ్రోకరు 382 డాలర్ల దాకా చేస్తుందని తేల్చాడు.

ఆ గుణకారం తప్పని నేననను. గుణించిన అంకెలను చూడండి. బోరు అంటే ఒక రంధ్రం. రెండు బోర్ల నడుమ ఉన్నదంతా ఊహే. ఇక ధర. వియత్నాం యుద్ధం వల్లా, కెనడాలోని సడ్బరీ గనుల సమ్మె వల్లా నికెలు ఆనాడు ప్రియమయినది. ఆ సమ్మె 1969లోనే ముగిసినది. విండారా ఖనిజం బజారుకెక్కవలసినదేమో ఏళ్లు గడచిన తరువాత! టన్నులు, పాళ్లు, ధర ఒక్కొక్కటి పావువంతు ఎక్కువగా అనుకున్నా మొత్తం దాదాపు రెట్టింపవుతుంది. ఖర్చు దగ్గర ఇంకొక చిక్కున్నది. వంద డాలర్ల సరుకు తీయడానికి ఎనభై ఖర్చయ్యే గనిలో, ధర పదోవంతు తగ్గితే లాభం సగం ఎగిరిపోతుంది.

1974లో ఉత్పత్తి మొదలయ్యేసరికి నికెలు ధర పడిపోయినది, ఖర్చు పెరిగినది, ఖనిజమూ ఆశించినంత మేలైనది కాదు. 1976లో పొసైడాన్ స్టాక్ ఎక్స్ఛేంజి జాబితా నుండి తొలగిపోయినది. అంత ఖరీదు పెట్టలేని సామాన్యులు చుట్టుపట్ల భూములున్న కంపెనీల వాటాలు కొన్నారు. వాటిలో చాలావాటికి చూపడానికి ఖనిజమే లేదు. నాకు జాలి కలిగేది వీరిని చూసే.

ఈ అనుభవంతోనే 1971లో అక్కడ ఒక సంఘం ఏర్పడి, 1989లో నియమావళిని వెలువరించినది. అందులో ‘వనరు’ వేరు, ‘నిల్వ’ వేరు. భూమిలో ఉన్నదనుకొన్నది వనరు. త్రవ్వితే గిట్టుబాటవుతుందని తేలిన భాగమే నిల్వ. ఈ రెండు మాటలకు అర్థం కట్టడానికి వారికి పద్దెనిమిదేళ్లు పట్టినది.