గ్యారంటీ ఎవరికి?

మా ఆఫీసులో ఇల్లెందు నుంచి వచ్చిన దోస్తు ఒకడున్నాడు. మాది జగిత్యాల దగ్గర బుగ్గారం. ఓ రోజు క్యాంటీన్ లో "మా దిక్కు రైలు రావడానికి ఎన్నేళ్లు పట్టిందో తెలుసా?" అని నేను మొదలెట్టానో లేదో, "మాకు నూట ముప్పై ఏళ్ల కిందే వచ్చింది, వచ్చి పోయింది కూడా" అన్నాడు వాడు. ఆ మాట పట్టుకుని కొంచెం చదివాను.

ఇల్లెందుకి పట్టాలు వేసింది నిజాంస్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. రైలు టైముకి రావడం గ్యారంటీ కాబోలు అనుకునేవాణ్ణి చిన్నప్పుడు :) అది కాదట. లండన్ లో షేర్లు కొన్నవాళ్లకి ఇరవై ఏళ్లపాటు ఏటా 5 శాతం వడ్డీ గ్యారంటీ. రైలుకి లాభం రాకపోతే నిజాం ఖజానా కట్టాలి. ఖజానాలో ఎక్కువ భాగం రైతు కట్టిన శిస్తే. మన భాషలో చెప్పాలంటే ఎస్.ఎల్.ఏ. రాసిచ్చింది కస్టమర్ కి కాదు, ఇన్వెస్టర్ కి.

ఇంతకీ ఇల్లెందుకే ఎందుకు? 1870ల మొదట్లో జియలాజికల్ సర్వే ఉద్యోగి విలియం కింగ్ అక్కడ బొగ్గు ఉందని తేల్చాడు. అక్కడి ఓ బొగ్గు పొరకి ఇప్పటికీ కింగ్ సీమ్ అనే పేరు. అప్పట్లో దక్షిణాది రైలింజన్లకి బొగ్గు బెంగాల్ నుంచో, ఏకంగా ఇంగ్లండ్ నుంచో రావాలి. అందుకే సికింద్రాబాద్ దాకా 1874లో వచ్చిన లైనుని వరంగల్, డోర్నకల్ మీదుగా పొడిగించి, డోర్నకల్ నుంచి కారేపల్లి మీదుగా గనుల దాకా ఓ కొమ్మ వేశారు. 1889 కల్లా బెజవాడ దాకా దారి పూర్తయింది, ఆ ఏడే బొగ్గు తవ్వకమూ మొదలైంది.

ఈ ఒప్పందాన్ని ఎవరూ ప్రశ్నించలేదా అంటే, ప్రశ్నించారు. 1883లో హైదరాబాద్ లో కొందరు చదువుకున్నవాళ్లు "షరతులు జనానికి చూపించండి" అని అడిగారు. చాందా రైల్వే ఆందోళన అంటారు దాన్ని. ముందుండి నడిపిన అఘోరనాథ చటోపాధ్యాయని, అంటే సరోజినీ నాయుడు నాన్నగారిని, రాజ్యం నుంచే వెళ్లగొట్టారు. అడిగింది లెక్కలే, తిరుగుబాటు కాదు!

వాళ్ల అనుమానం ఊరికే పోలేదు. 1886లో గనుల హక్కులు హైదరాబాద్ దక్కన్ కంపెనీకి పోయాయి. షేర్ల వ్యవహారంలో గోల్ మాల్ బయటపడి 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ విచారణ జరిపింది. బేరం కుదిర్చిన నిజాం అధికారి అబ్దుల్ హక్ ఉద్యోగం ఊడింది. పట్టాలూ గనులూ మాత్రం ఉండిపోయాయి. 1920లో ఆ కంపెనీయే సింగరేణి కాలరీస్ గా మారింది.

తర్వాత గనులు కొత్తగూడెం, బెల్లంపల్లి వైపు విస్తరించాయి. 1927లో కారేపల్లి నుంచి కొత్తగూడేనికి ఇంకో కొమ్మ పడింది. ఆ స్టేషనే ఇవాళ్టి భద్రాచలం రోడ్డు. సింగరేణి పుట్టిన ఇల్లెందు పక్కకి జరిగింది. కొన్నాళ్లకి ప్యాసింజర్ బండి ఆగిపోయింది. అది ఆగాక కూడా బొగ్గు వ్యాగన్లు నడిచాయి!

నాకు అర్థమైంది ఇదీ. ఆ లైను స్పెసిఫికేషన్ లో జనం మొదటి నుంచీ లేరు. బొగ్గుతో పాటు మనుషులు కూడా ఎక్కారు, అంతే. అందుకే మనుషుల బండి తీసేసినా లైను "సరిగ్గానే" పనిచేసింది.

మా వైపు కథ తిరగబడింది. బొగ్గు కోసం కాదు, జనం అడగ్గా అడగ్గా వచ్చిన లైను. పెద్దపల్లి-నిజామాబాద్ లైనుకి 1993లో పీవీ శంకుస్థాపన చేస్తే, మొత్తం పూర్తయ్యేసరికి 2017. బొగ్గుకి ఆరేడేళ్లు, మనుషులకి ఇరవైనాలుగేళ్లు.

ఈసారి మీ ఊరికి రైలో, రోడ్డో, ఫ్యాక్టరీయో వస్తోందంటే సంతోషించండి. కానీ గ్యారంటీ ఎవరి పేరు మీద రాశారో ఒక్కసారి అడగండి. ఇప్పుడు అడిగితే ఊరు దాటించరు కదా... అనే అనుకుంటున్నాను.