పసిబిడ్డ చావు – బియ్యపు మర – బాలింత పథ్యం

మన కథల్లో పసిబిడ్డ చనిపోతే సాధారణంగా రెండు కారణాలే కనిపిస్తాయి. ఒకటి తలరాత, రెండోది తల్లి అజ్ఞానం. మొదటిది భావవాదం, రెండోది మధ్యతరగతి సంస్కరణవాదం. ఆ తల్లి తిన్న అన్నం ఎలాంటిదని రెండూ అడగవు. అడిగితే సమాధానం గోదావరి డెల్టా ఆర్థిక చరిత్రలో దొరుకుతుంది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఏలూరు, తాడేపల్లిగూడెం దిగువన కాలువ పారిన నేల వరిచేనైంది. ఆ నీరు ఎక్కని కామవరపుకోట మెట్టలో వానాధారపు సేద్యమే మిగిలింది. ఇరవయ్యో శతాబ్దంలో డెల్టాలో బియ్యపు మరలు వెలిశాయి. మర పట్టిన తెల్లబియ్యంలోంచి తవుడుతోపాటు థయామిన్ అనే బి1 విటమిన్ పోయింది. పలుమార్లు కడగడం, గంజి వార్చడం మిగిలినదాన్నీ హరించాయి. ఉప్పుడు బియ్యంలో ఆ విటమిన్ గింజలోకి ఇంకి చాలావరకు నిలుస్తుంది. కానీ కోస్తాలో తినేది పచ్చి బియ్యం. దంపుళ్ళతో బతికిన పేద స్త్రీలకు ఆ కూలీ, నూకా, తవుడూ కూడా పోయాయి.

ఉత్తర సర్కారుల బెరిబెరిని గురించి సైనిక వైద్యుడు మాల్కంసన్ 1835లోనే మద్రాసులో గ్రంథం ప్రచురించాడు. అప్పటి పాలకుల ఆందోళన సిపాయిలను గురించి. మద్రాసు రాష్ట్రపు బెరిబెరి ప్రాంతంలో శిశుమరణాలపై కూనూరు పరిశోధనశాలకు చెందిన ఎయిక్రాయిడ్, కృష్ణన్‌ల పరిశీలన వెలువడింది 1941లో. ఈ రెంటి మధ్య నూరేళ్ళు గడిచాయి.

ఈ వ్యాధి వచ్చే బిడ్డ తరచు బొద్దుగానే ఉంటుంది. రెండు నుంచి అయిదు నెలల వయసులో గొంతు పోయి ఏడుపు వినిపించదు. గుండె దెబ్బతిని గంటల్లో చనిపోవచ్చు. తల్లికి పాలు కొరత కాదు, ఆ పాలలో థయామిన్ కొరత. ఇంట్లోవాళ్ళు దిష్టి అన్నారు, బాలగ్రహం అన్నారు. పప్పూ కూరా తగ్గించే పథ్యం ఆ కొరతను పెంచింది. అందరూ తిన్నాక మిగిలింది తినే కోడలికి పథ్యం తీరాక కూడా పెద్ద మార్పు ఉండదు.

అయితే నేరమంతా ఆచారానిదేనా? పథ్యం మర కంటే పాతది. దంపుడు బియ్యం తిన్నంతకాలం ఆ కీడును గింజే కొంత కాచింది. మరను ఒక్కదాన్నే నిందించడమూ చాలదు. పప్పు, పాలు కొనగల ఇంట ఆ లోటు పూడే వీలుంది, కూలి ఇంట లేదు. లాభం కోసం తిరిగే యంత్రం, కుటుంబంలో స్త్రీ స్థానం, పేదరికం కలిసి ఒక్క బిడ్డ మీద పనిచేశాయి.

తర్వాతి దశాబ్దాల్లో బెరిబెరి వెనక్కు తగ్గింది. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలై అంగన్‌వాడీలు వచ్చాయి. ఇటీవలి సంవత్సరాల్లో రేషను బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపారు. బియ్యాన్ని బలపరచడం మంచిదే. కాని తల్లి కంచంలో పప్పెంత, కూరెంత అనే ప్రశ్న దానితో తీరదు.

చనిపోయిన బిడ్డ కోసం పాఠకుణ్ణి ఏడిపించడం రచయితకు కష్టం కాదు. ఆ ఇంటి కుండలో ఏ బియ్యం ఉడికింది, ఎవరు చివర తిన్నారు, దంపుళ్ళు పోయాక ఆ ఇల్లాలికి కూలి ఎక్కడ దొరికింది అన్నవి తెలుసుకొని రాయడమే కష్టం. అభ్యుదయ రచయిత పూనుకోవలసింది ఆ పనికే.