కాలువకు చట్టం ఉంది, ఏటికి?

తుని పక్కన పారే తాండవ తూర్పు కనుమల్లో పుట్టి, పెంటకోట దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ గట్టున తుని, ఆ గట్టున పాయకరావుపేట. ఒకప్పుడు తూర్పుగోదావరి, విశాఖ జిల్లాలకు హద్దుగా నిలిచిన ఈ ఏరు 2022 నుంచి కాకినాడ, అనకాపల్లి జిల్లాల నడుమ పారుతోంది. నూటయాభై ఏళ్లుగా వచ్చిన చట్టాలను వరుసగా చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. ఏటి నీటిని పంచడానికీ, దానిమీద తీరువా వసూలు చేయడానికీ పాలకులు పడ్డ శ్రమలో పదోవంతు కూడా ఏటిని కాపాడటానికి పడలేదు. ఆ లోటు చివరకు పడింది శివారు రైతు మీదే.

జమీందారీ రోజుల్లో నీటి పెత్తనం ఎస్టేటుది. 1865లో మద్రాసు ప్రభుత్వం నీటి తీరువా చట్టం తెచ్చింది. ప్రభుత్వ నదుల నుంచి, కాలువల నుంచి పొలానికి నీరు పెట్టుకుంటే సిస్తుతో పాటు తీరువా కూడా కట్టాలన్నది. వంశధార మీద ఆధారపడ్డ ఉర్లాం జమీందారు దీనిపై లండన్ ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లాడు. శాశ్వత సెటిల్మెంటు నాటికే ఉన్న కాలువలు, తూముల కొలతకు లోబడి వాడుకునే నీటికి తీరువా అడగరాదని 1917లో తీర్పు వచ్చింది. అయితే ఆ గెలుపు జమీందారుది. దుక్కి దున్నే రైతుకు నీటిమీద హక్కు ఎంతన్న ప్రశ్న అలాగే మిగిలింది.

ఈ నడుమ 1884లో నదుల పరిరక్షణ చట్టం వచ్చింది. ప్రభుత్వం ప్రకటించిన నదికి హద్దులు కొలిచి రాళ్లు పాతాలి. అనుమతి లేకుండా ఆ హద్దుల్లో ఇల్లు కట్టరాదు, గట్టు వేయరాదు, చెట్లు నాటరాదు. వరద అడ్డులేకుండా సాగిపోవాలన్నదే దాని ఉద్దేశం. ఆంధ్ర ప్రాంతంలో అది నేటికీ అమల్లో ఉంది. కానీ ప్రకటన వెలువడని ఏటికి అది వర్తించదు. పైగా ఏటిలో నీరు ఎంత ఉండాలో, అడుగున ఇసుక ఎంత మిగలాలో అందులో లేదు.

1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ ఏర్లు, చెరువులు ప్రభుత్వపరమయ్యాయి. ఆ తర్వాత నాతవరం దగ్గర తాండవ జలాశయం కట్టారు. సుమారు 5 టీఎంసీల నిల్వ, రెండు జిల్లాల్లో కలిపి 51 వేల ఎకరాలకు పైగా ఆయకట్టు. మెట్టపొలాలు వరి చూశాయి. జలాశయం ఎగువ జిల్లాలో, ఆయకట్టులో కొంత దిగువ జిల్లాలో కావడంతో నీరు తగ్గిన ఏడు ముందు ఎండేది చివరి పొలమే.

అసలు మలుపు 1997. సాగునీటి వ్యవస్థల నిర్వహణలో రైతులకు చోటిస్తూ వచ్చిన చట్టంతో నాటి ఉమ్మడి రాష్ట్రమంతటా పదివేలకు పైగా నీటి సంఘాలు ఏర్పడ్డాయి. పూడిక తీయించడం, వంతులు వేయడం, తగవులు తీర్చడం వాటి పని. ఇంజనీరు ముందు రైతు అర్జీదారుగా కాక సభ్యుడిగా కూర్చున్నాడు. ఇది చిన్న మార్పు కాదు. కానీ రికార్డుల్లో పేరులేని కౌలు రైతుకు ఓటు దక్కలేదు. గోదావరి జిల్లాల్లో సాగు ఎక్కువగా కౌలు చేతుల్లోనే ఉందని అందరికీ తెలుసు. ఎన్నికలు లేకుండా ఏళ్లు గడిచాయి. మళ్లీ 2024 డిసెంబరులో జరిగాయి. అన్నిటికీ మించి, సంఘం అధికారం కాలువ గట్టుతో ఆగిపోతుంది. తన కాలువకు నీరిచ్చే ఏటి గురించి మాట్లాడే హోదా దానికి లేదు.

2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం భూగర్భజలాన్నీ ఇసుక తవ్వకాన్నీ కలిపి చూసింది. ఏటి ఇసుక పోతే గట్టున ఉన్న బావుల నీరు దిగిపోతుందని గుర్తించిన చట్టం అది. అమలు భారం మాత్రం రెవెన్యూ యంత్రాంగం మీదే పడింది. రైతు సంఘానికి అక్కడా చోటు నామమాత్రమే. ఆ చట్టం వచ్చిన పదేళ్లకు, 2012 నవంబరులో, నీలం తుపాను వానలకు తాండవ పొంగి తుని, పాయకరావుపేటల ఇళ్లలోకి వచ్చింది. ఏరు గట్టు దాటితే ఊరికి ఏమవుతుందో ఆనాడు అందరూ చూశారు.

2021లో ఏలేరు–తాండవ కాలువల అనుసంధానానికి రాష్ట్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఏలేరు మీదుగా వచ్చే గోదావరి నీరు తాండవ ఆయకట్టును స్థిరపరుస్తుందన్నది ఆశ. మంచిదే. కానీ బయటి నీరు తెచ్చినంత మాత్రాన సొంత ఏరు బాగుపడదు. ఆస్ట్రేలియాలో ముర్రే–డార్లింగ్ నదుల కోసం 2007లో చట్టం, 2012లో ప్రణాళిక తెచ్చి, సాగు వాడకంలో ఏటా 2,750 గిగాలీటర్లు, అంటే సుమారు 97 టీఎంసీలు, నదికి తిరిగివ్వాలని నిర్ణయించారు. ప్రభుత్వం ఆ నీటిలో కొంత రైతుల దగ్గర డబ్బిచ్చి కొన్నది. అయినా అక్కడి పల్లెలు గట్టిగా ఎదిరించాయి. నదిని బాగుచేసే ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందో ముందే తేల్చకపోతే మంచి చట్టం కూడా రైతుకు శత్రువుగా కనబడుతుంది.

అందుకే మన దగ్గర రావలసిన సంస్కరణ రెండు మాటల్లో చెప్పవచ్చు. తాండవ వంటి చిన్న నదుల హద్దులు కొలిచి 1884 చట్టం కిందికి తేవాలి. ఆ పనిలోనూ, ఇసుక నిర్ణయాల్లోనూ నీటి సంఘాలకు, కౌలు రైతులతో సహా, చట్టబద్ధమైన ఓటు ఇవ్వాలి. ఏటిని కాపాడే అధికారం లేని రైతుకు కాలువ మీద ఇచ్చిన అధికారం సగం అధికారమే.