నీటి తాబేలును పెంచాలనుకుంటే: ఎంపిక, వసతి, చట్టం

సూరత్: అక్వేరియం దుకాణంలో గాజుతొట్టెలో ఈదులాడే తాబేలు పిల్ల రూపాయి బిళ్ల కంటే కొంచెమే పెద్దదిగా ఉంటుంది. పిల్లలు ముచ్చటపడతారు, ఇంట్లో తాబేలుంటే కలిసివస్తుందని పెద్దలు నమ్ముతారు. కానీ ఆ ప్రాణి ఇరవై, ముప్పై ఏళ్లు బతుకుతుందనీ, అన్నం పళ్లెమంత పెరుగుతుందనీ కొనేవారిలో చాలామందికి తెలియదు. సూరత్ దక్షిణ భాగంలోని ఉన్ వంటి ప్రాంతాల్లో ఇళ్లు ఇరుకు. జౌళి పనులను నమ్ముకొని తెలంగాణ నుంచి ఈ నగరానికి వచ్చిన కుటుంబాల్లో అద్దె గదుల్లో ఉండేవారూ ఎక్కువే. ఇలాంటి చోట తాబేలును తెచ్చుకునే ముందు తెలుసుకోవలసిన విషయాలివి.

ముందుగా చట్టం

మన చెరువుల్లో కనిపించే తాబేళ్లు పెంపుడు జంతువులు కావు. కాళ్లను లోపలికి ముడుచుకొని చర్మపు మడతలతో కప్పుకొనే మెత్తడిప్ప తాబేలు, వీపు ఇంటికప్పులా పైకి లేచి ఉండే తాబేలు, నేల మీద తిరిగే నక్షత్ర తాబేలు వన్యప్రాణి సంరక్షణ చట్టం–1972 ఒకటో షెడ్యూల్‌లో ఉన్నాయి. ఈ షెడ్యూల్‌లోని జీవులకు సంబంధించిన నేరాలకు 2022 సవరణ ప్రకారం మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం రూ.25 వేల జరిమానా పడే అవకాశం ఉంది. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం ఆలయంలో నక్షత్ర తాబేళ్లు ఉన్నాయి కదా అని ఇంట్లో పెంచుకోవడానికి వీల్లేదు.

దుకాణాల్లో సాధారణంగా దొరికేది ఎర్రచెవి తాబేలు. కంటి వెనుక ఎర్రని చార దీని గుర్తు. దీని స్వస్థలం అమెరికాలోని మిసిసిపి నదీ పరీవాహక ప్రాంతం. స్వదేశీ జాతులకు ఉన్న నిషేధం దీనికి అదే రీతిలో వర్తించదు. అయితే హానికర విదేశీ జాతుల దిగుమతిని, పెంపకాన్ని నియంత్రించే అధికారాన్ని 2022 సవరణ కేంద్రానికి ఇచ్చింది. కాబట్టి కొనే ముందు అటవీశాఖ కార్యాలయంలో తాజా నిబంధనలు అడగాలి. దుకాణదారు నుంచి రసీదు తీసుకోవాలి.

ఎంపిక

ఆరోగ్యంగా ఉన్న తాబేలు కళ్లు విప్పారి తేటగా ఉంటాయి. చేతిలోకి తీసుకుంటే కాళ్లు గట్టిగా ఆడిస్తుంది. డిప్ప గట్టిగా ఉండాలి. ఉబ్బిన కళ్లు, ముక్కు నుంచి బుడగలు, నీటిలో ఒక పక్కకు ఒరిగి ఈదడం జబ్బుకు సూచనలు. పిల్ల దశలో ఆడా మగా తేడా తెలియదు. ఆడ తాబేలు డిప్ప 25 నుంచి 30 సెంటీమీటర్ల వరకు పెరగవచ్చు కనుక ఏర్పాట్లు ఆ లెక్కతోనే చేసుకోవాలి.

వసతి

డిప్ప పొడవులో ప్రతి అంగుళానికి సుమారు 40 లీటర్ల నీరు కావాలన్నది పెంపకందారులు పాటించే లెక్క. పది అంగుళాల తాబేలుకు 400 లీటర్లు, అంటే నాలుగు క్వింటాళ్ల నీటి బరువే అవుతుంది. పై అంతస్తులో ఉండేవారు ముందుగా ఇంటి యజమానితో మాట్లాడడం మంచిది.

తాబేలు పూర్తిగా నీటిలోనుంచి బయటకు వచ్చి ఒళ్లు ఆరబెట్టుకునే మెట్ట తప్పనిసరి. నీటి ఉష్ణోగ్రత 24 నుంచి 28 డిగ్రీలు, మెట్ట మీద 30 నుంచి 35 డిగ్రీలు ఉండాలి. సూరత్ వేసవిలో బాల్కనీ తొట్టెలోని నీరు మరిగినట్లు వేడెక్కుతుంది, కాబట్టి తొట్టెను నీడలో ఉంచాలి. శీతకాలపు రాత్రుల్లో హీటర్ అవసరం. డిప్ప గట్టిపడాలంటే యూవీబీ కిరణాలు కావాలి. కిటికీ అద్దం వాటిని అడ్డుకుంటుంది కనుక ప్రత్యేక దీపాన్ని రోజుకు 10 నుంచి 12 గంటలు వెలిగించాలి. తాబేలు నీటిని త్వరగా మురికి చేస్తుంది. చేపల తొట్టెకు వాడే దానికంటే శక్తిమంతమైన ఫిల్టర్ పెట్టాలి. కుళాయి నీటిలోని క్లోరిన్‌ను తొలగించాకే తొట్టెలో పోయాలి.

తిండి, శుభ్రత

తాబేళ్ల కోసం తయారుచేసిన గుళికలు, ఆకుకూరలు ప్రధాన ఆహారం. పిల్లలకు రోజూ, పెద్దవాటికి రెండు మూడు రోజులకోసారి పెడితే చాలు. బ్రెడ్డు, బిస్కెట్లు, పాలు పెట్టకూడదు.

ఆరోగ్యంగా కనిపించే తాబేలు ఒంటి మీదా సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండవచ్చు. పిల్లలకు ఈ జబ్బు సోకుతోందన్న కారణంతోనే అమెరికా 1975లో నాలుగు అంగుళాల కంటే చిన్న డిప్ప గల తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించింది. తాబేలును ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. తొట్టె సామగ్రిని వంటింటి సింకులో కడగరాదు. ఐదేళ్లలోపు చిన్నారులను, వృద్ధులను దూరంగా ఉంచాలి.

నదిలో వదలకండి

పెరిగిన తాబేలును తాపీ నదిలోనో, ఊరి చెరువులోనో వదిలితే పుణ్యమని కొందరు భావిస్తారు. అది పొరపాటు. ఎర్రచెవి తాబేలు ప్రపంచంలోని 100 అత్యంత హానికర ఆక్రమణ జాతుల జాబితాలో ఉంది. తిండిలోనూ, ఎండకాచుకునే చోటులోనూ మన తాబేళ్లతో పోటీపడి వాటిని తరిమేస్తుంది. పెంచలేని పరిస్థితి వస్తే పెంచగలిగిన మరొకరికి అప్పగించాలి, లేదా అటవీశాఖను సంప్రదించాలి. గాయపడిన, జబ్బుపడిన ప్రాణుల కోసం గుజరాత్‌లో 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

దసరాకు ఊరెళ్తే ఎవరు చూస్తారు, ఇల్లు మారితే తొట్టె ఎక్కడ పెడతారు, ఇరవై ఏళ్ల తర్వాత దాని బాధ్యత ఎవరిది? ఈ మూడు ప్రశ్నలకు ఇంట్లో సమాధానం దొరికాకే దుకాణం వైపు అడుగు వేయడం మేలు.