ఉప్పునీటి తొట్టిలో కనిపించని పనివారు

పదవీ విరమణ చేసిన మనలో కొందరి ఇళ్ళలో ఇప్పుడు చేపల తొట్టి ఒకటి కనిపిస్తున్నది. మనుమల ముచ్చట తీర్చడానికి కొడుకో కూతురో తెస్తారు. వాళ్ళు ఆఫీసులకూ బడులకూ వెళ్ళాక దాని బాగోగులు చూడవలసింది మనమే. మంచినీటి చేపలతో తృప్తి పడక, సముద్రపు చేపల కోసం ఉప్పునీటి తొట్టి పెట్టేవారూ ఉన్నారు. కాని కొత్త తొట్టిలో వేసిన చేపలు తరచుగా వారం పది రోజులకే ఒకదాని వెంట ఒకటి చనిపోతాయి. నీరు అద్దంలా తేటగానే ఉంటుంది. మేతకూ లోటు ఉండదు. మరి కారణమేమిటి? దీని మూలం తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులకు సుమారు నలభై ఏళ్ళు పట్టింది. ఆ చరిత్రను సభ్యులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన అక్కన్నపేట సముద్రానికి ఎంతో దూరం. 2016 అక్టోబరులో సిద్దిపేట జిల్లా ఏర్పడినప్పుడు హుస్నాబాద్ నుండి విడిపడి మండల కేంద్రమైన ఈ ఊరి రైతుకు సముద్రపు చేపలతో పని లేదు. అయినా ఈ కథలోని అసలు విషయం ఆయనకు అనుభవంలో ఉన్నదే. పచ్చి పెంట చేనుకు తోలితే పైరు మాడుతుందనీ, మాగిన పెంటే బలమనీ తెలంగాణ రైతుకు ఎవరూ చెప్పనక్కర లేదు. పాత ఊళ్ళ దిబ్బల నుండి పాటిమన్ను తవ్వి పొలాలకు తోలింది కూడా ఆ బలం కోసమే. పేడ, మూత్రం కుళ్ళినప్పుడు ముందు ఘాటైన అమ్మోనియా పుడుతుంది. కాలక్రమేణా అది మట్టిలో నైట్రేటుగా మారి పైరుకు ఆహారమవుతుంది. తుపాకిమందులో వాడే సురేకారమూ ఒక నైట్రేటే. బీహారు నేలల్లో తయారైన సురేకారాన్ని ఈస్టిండియా కంపెనీ ఓడలకెత్తి ఇంగ్లండుకు తరలించింది. ఈ మార్పు జరుగుతుందని లోకానికి తెలుసు. చేసేదెవరో మాత్రం తెలియదు.

1850లో లండనులో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఒక ప్రయోగం ప్రకటించాడు. ఒక గాజు తొట్టిలో రెండు చిన్న బంగారు చేపలను, నీటి మొక్కలను, నత్తలను కలిపి ఉంచితే నీరు మార్చకుండానే అవి బతికాయి. చేపలు విడిచిన బొగ్గుపులుసు గాలిని మొక్కలు తీసుకుంటాయి, మొక్కలిచ్చే ప్రాణవాయువు చేపలకు అందుతుంది, కుళ్ళిన ఆకులను నత్తలు తింటాయి అని ఆయన వివరించాడు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో ప్రజల కోసం చేపల ప్రదర్శనశాల తెరిచారు. మరుసటి ఏడాది ఫిలిప్ హెన్రీ గాస్ ఇంట్లోనే లవణాలు కలిపి సముద్రపు నీటిని తయారుచేసే విధానం ప్రకటించాడు. ఇంగ్లండులో ఇంటింటా తొట్ల సరదా మొదలైంది. అయితే వారింగ్టన్ లెక్కలో ఒక పద్దు తప్పిపోయింది. చేప విడిచే అమ్మోనియా సంగతి అందులో లేదు.

ఆ పద్దు పారిస్‌లో తేలింది. 1877లో ష్లోసింగ్, మ్యూంట్జ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఇసుక, సున్నపురాయి నింపిన పొడవైన గొట్టం గుండా మురుగునీటిని మెల్లగా పారించారు. సుమారు 20 రోజుల వరకు ఏ మార్పూ లేదు. తరువాత అమ్మోనియా తగ్గి నైట్రేటు కనిపించసాగింది. క్లోరోఫారం ఆవిరి పంపగానే పని ఆగిపోయింది. కొద్దిగా తోటమట్టి కడిగిన నీరు పోస్తే మళ్ళీ మొదలైంది. మత్తుమందుకు ఆగేది రసాయనం కాదు, ప్రాణి అని రుజువైంది.

ఆ తరువాత విచిత్రంగా వారింగ్టన్ కుమారుడే రంగంలోకి వచ్చాడు. ఆయన పేరూ రాబర్టే. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో ఏళ్ళ తరబడి శ్రమించి, ఇది రెండు అంచెల పని అని తేల్చాడు. ఒక జీవి అమ్మోనియాను నైట్రైటుగా, మరొకటి నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. కాని ఆ జీవులను విడదీసి పట్టుకోవడం ఆయనకు సాధ్యం కాలేదు. 1890-91లో జూరిక్‌లో రష్యన్ శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ దానిని సాధించాడు. మనం పెట్టే ఆహారం వాటికి అక్కరలేదనీ, అమ్మోనియానే వాటికి జీవనాధారమనీ గ్రహించడమే ఆయన విజయ రహస్యం.

ఇక మన తొట్టికి వద్దాం. కొత్త తొట్టిలో నీరు ఉంది, ఉప్పు ఉంది, పనివారు లేరు. సముద్రపు నీటికి క్షారగుణం ఎక్కువ కనుక అందులో అమ్మోనియా మరింత విషమవుతుంది. కాబట్టి లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలతో నీరు సిద్ధం చేసి, కుళాయి నీటిలోని క్లోరిన్ విరిచి, ఇసుక, రాళ్ళు పరచి, గాలి ఆడేలా చేసి, చేపలు లేకుండానే కొద్దిగా అమ్మోనియా అందించాలి. పాలకు తోడు వేసినట్లు, ఆరోగ్యంగా ఉన్న పాత తొట్టి నుండి గుప్పెడు ఇసుక వేస్తే పని త్వరపడుతుంది. మొదట అమ్మోనియా పెరిగి తగ్గుతుంది, తరువాత నైట్రైటు పెరిగి తగ్గుతుంది, చివరకు నైట్రేటు మిగులుతుంది. దీనికి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. పరీక్షలో మొదటి రెండూ సున్నాకు వచ్చాక కొంత నీరు మార్చి, ఒకటి రెండు చేపలతో మొదలుపెట్టాలి.

విశాఖపట్నంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ వారు తల్లిచేపలను పెంచేదీ ఈ సూత్రం మీదనే. అదే నీటిని శుద్ధి చేసి తిరిగి తొట్లలోకి పంపుతారు. ఆ శుద్ధిలో ముఖ్యమైన వంతు ఈ సూక్ష్మజీవులదే. ఈ విజ్ఞానం ఇంకా ఎదుగుతూనే ఉంది. 2005లో అమెరికాలోని సియాటిల్ అక్వేరియం ఉప్పునీటి తొట్టి గులకరాళ్ళ నుండి, అమ్మోనియాను మార్చే పని చేసే సరికొత్త జాతి సూక్ష్మజీవిని వేరుచేశారు. 2015లో రెండు అంచెల పనినీ ఒక్కటే చేయగల జీవులున్నాయని తేలింది.

చివరగా మన ఊళ్ళకు సంబంధించిన మాట ఒకటి. ఈ పనివారు తొట్టిలోనే కాదు, మన చేలలో, పెంటకుప్పల కింద, మరుగుదొడ్ల గుంతల చుట్టూ కూడా పనిచేస్తున్నారు. మితిమీరి చల్లిన యూరియా వారి చేతుల మీదుగానే నైట్రేటుగా మారి బావుల్లోకి, బోర్లలోకి దిగుతుంది. తాగేనీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాముల నైట్రేటు మించరాదని భారతీయ ప్రమాణం. మించితే పసిపిల్లల రక్తం ప్రాణవాయువును సరిగా మోయలేదు. తొట్టిలో నైట్రేటు పెరిగితే రెండు బకెట్ల నీరు మార్చుకోగలం. ఊరి బావిలో నీరు అలా మార్చడం ఎవరి తరమూ కాదు. మనుమలకు తొట్టి చూపించేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పండి. బోరు నీరు తాగే ఇళ్ళవారు ఆ నీటిని ఒకసారి పరీక్ష చేయించుకోవడం మంచిది.