జపాను చిత్తరువులలో నాటకప్రేతములు

దయ్యములు లేవని మనము మన పిల్లలకు బోధించుచున్నాము. అది యుక్తమే. కాని జపానుదేశపు కాబూకీ నటులు ప్రేతవేషములు ధరింపగా, వానిని కొయ్యపలకలపై చెక్కించి యచ్చొత్తించిన చిత్తరువులను చూచినచో, పెక్కు ప్రేతముల వెనుక విచారణకు రాని యొక నేరము గానవచ్చును.

ఈ చిత్తరువులను వ్రాయువాడొకడు, పలకను చెక్కువాడొకడు, రంగులద్ది కాగితముపై నొత్తువాడు మఱియొకడు, పెట్టుబడి ప్రచురణకర్తది. వెల స్వల్పమగుటచే నాటకశాలకు పోజాలనివారి యింటికిని నాటకము కొంత వచ్చెడిది.

1825వ సంవత్సరమున, నేడు టోక్యో యనబడు ఎడో నగరమందలి నకమురా నాటకశాలలో, నాలుగవ త్సురుయా నంబొకు రచించిన 'యొత్సుయా కైదాన్' ప్రదర్శింపబడెను. కథానాయిక ఓఇవ బాలెంతరాలు. కలవారైన పొరుగువారు తమ మనుమరాలిని ఆమె భర్తయగు ఇయెమొనునకు కట్టబెట్టగోరి, మందని చెప్పి యామెకు విషము పంపిరి. మోము వికృతమయ్యెను, దువ్వినకొలది జుట్టు పాయలుగా నూడివచ్చెను. భర్తయో, క్రొత్తపెండ్లి ఖర్చునకై కుదువబెట్టుటకు, పసిబిడ్డకు కట్టిన దోమతెరను సైతము లాగికొనిపోయెను. మాకు ఈ నాటకమున ప్రేతముకంటె ఆ దోమతెరయే యెక్కువ భయము గొల్పుచున్నది. 1629లోనే స్త్రీలు రంగమెక్కరాదని శాసనమైనందున, మూడవ ఒనొయె కికుగొరో యను పురుషుడే ఓఇవ వేషము ధరించెను. 1832లో హొకుఎయి వ్రాసిన చిత్తరువున ఇయెమొన్ ఒక చినిగిన కాగితపు లాంతరు నెదుట నిలిచియుండ, ఆ లాంతరునుండి భార్య మొగము చూచుచున్నది.

1842లో ప్రభుత్వము, మితవ్యయమని, సన్నీతియని, నటుల బొమ్మలను నిషేధించెను. కొన్నేండ్లకవి మరల వెలువడినను నటుని పేరు వేయుటకు సాహసింపరైరి. ముక్కు కన్ను తీరు చూచి జనులే పోల్చుకొనిరి. మొగము పేరుకంటె బాగుగా తెలిసిన జనులకు ఈ కట్టడి యేపాటి?

ఇట్టి కాలమున, 1851లో, మూడవ సెగవా జొకో రచించిన నాటకమొకటి ఎడోలో ప్రదర్శింపబడెను. పన్నుల బరువు మోయలేని రైతులకై సకురా సోగో యను గ్రామపెద్ద నేరుగా షోగునునకే విన్నపమిచ్చి, ఆలుబిడ్డలతో మరణదండనము పొందెనని అచటి వాడుక. దొరల చరిత్రములను ఉన్నవున్నట్లు ఆడరాదు గావున, కవి నాయకునికి అసకురా తోగో యని పేరుమార్చి, కథను పూర్వయుగమునకు జరిపెను. నాలుగవ ఇచికావా కొదంజి ఆ వేషము ధరించెను. కునియొషి దానిని చిత్తరువుగా వ్రాసెను. ఆ రైతుప్రేతము ఏ ప్రభువు ఏలుబడిలో చంపబడెనో ఆ ప్రభువు నెదుటికే వచ్చినది. కాగితముపై వేషము పేరున్నది. వేషధారి పేరు లేదు.