దేశాచారము – సార్వభౌమ ధర్మము

ధర్మము దేశమును బట్టి మారునా, లేక సర్వత్ర ఏకరూపమై నిలుచునా అను ప్రశ్న నేటిది కాదు. బౌధాయన ధర్మసూత్రముల ఆరంభముననే ఈ విచారము కనబడుచున్నది.

దక్షిణదేశమున ఐదు, ఉత్తరదేశమున ఐదు ఆచారములు వివాదాస్పదములని బౌధాయనుడు పేర్కొనెను. ఉపనయనము కానివానితో భుజించుట, భార్యతో కలిసి భుజించుట, చద్దియన్నము తినుట, మేనమామ కూతురిని గాని మేనత్త కూతురిని గాని పరిణయమాడుట దాక్షిణాత్యులవి. ఉన్ని విక్రయము, మద్యపానము, రెండు దౌడలయందును దంతములు గల పశువుల వ్యాపారము, ఆయుధజీవనము, సముద్రయానము ఔత్తరాహులవి. ఏ దేశపు ఆచారమునకు ఆ దేశమే ప్రమాణమనియు, ఒకచోటి ఆచారమును వేరొకచోట పాటించినవాడే దోషియనియు ఒక పక్షము. అది మిథ్య యని గౌతముని మతము. శిష్టస్మృతికి విరుద్ధములగుటచే రెండును ఆదరణీయములు కావని సూత్రకారుని నిర్ణయము.

అట్లని గౌతముడు దేశాచారమును తృణీకరింపలేదు. వేదవిరుద్ధములు కాని దేశ, జాతి, కుల ధర్మములు ప్రమాణములే యని ఆయన ధర్మసూత్రము అంగీకరించుచున్నది. మీమాంసకులు హోలాకాధికరణమున మరియొక అడుగు ముందుకు వేసిరి. ప్రాచ్యులు ఆచరించు హోలాకోత్సవము వారికి మాత్రమే విహితమా యని శంకించి, ఆచారమునకు మూలముగా ఊహింపబడు శ్రుతివాక్యము దిక్కులను బట్టి పరిమితము కాజాలదని సిద్ధాంతీకరించిరి.

అయినను వివాదము ఆగలేదు. 7వ శతాబ్దికి చెందిన కుమారిలభట్టు తంత్రవార్తికమున మేనరికమును తప్పుపట్టెను. 14వ శతాబ్దిలో విజయనగర కాలపు మాధవాచార్యుడు పరాశరమాధవీయమున శ్రుతిప్రమాణములతోనే దానిని సమర్థించెను. 1955 నాటి హిందూ వివాహ చట్టము సైతము అన్నాచెల్లెండ్ర సంతానము మధ్య వివాహమును నిషేధించుచు, ఆచారము అనుమతించినచో మినహాయింపు నిచ్చినది. ఇక నాడు ఔత్తరాహుల ఆచారముగా గణింపబడిన సముద్రయానము నేడు ఎన్నో తెలుగు కుటుంబములకు సామాన్య విషయము.

మరి మారనిది ఏది? అహింస, సత్యము, అస్తేయము, శౌచము, ఇంద్రియనిగ్రహము నాలుగు వర్ణములకును సమానమని మనువు విధించెను. పతంజలి యమములను జాతి, దేశ, కాల, సమయములచే అవచ్ఛిన్నములు కాని సార్వభౌమ మహావ్రతములనెను. చేపలను తప్ప వేరొకదానిని చంపనని జాలరి పెట్టుకొను నియమము జాతిచే పరిమితమైన అహింసయే గాని మహావ్రతము కాదని వ్యాసభాష్యము వివరించుచున్నది. పరిమితమైనదానికి కొంత విలువ కలదు. దానినే పరమావధి యనుకొనరాదు.

ఈ వివేకము లేనిచో రెండు అనర్థములు కలుగును. పొరుగువాని భోజన, వివాహ పద్ధతులను చూచి అతనిని అధర్మపరుడనుట ఒకటి. తమ క్రౌర్యమును ఆచారమను పేర కప్పిపుచ్చుట రెండవది. మేనరికము దేశాచారము కావచ్చును. ఆస్తి చేజారిపోవునను భయముతో ఇష్టము లేని కన్యను మేనబావకు కట్టబెట్టుట మాత్రము హింసయే. గోదావరీతీరమున నైనను, గంగాతీరమున నైనను, సముద్రమునకు ఆవల నైనను దానికి ధర్మమను పేరు చెల్లదు.